పిల్లల వరసలో చామంతి కుండీ

కొత్తపాలెం, బాపట్ల తాలూకా
6 మార్చి 1969

సాలమ్మక్కకు ప్రమీల వందనాలు.

క్షేమంగా చేరాను. రైలు దిగి బస్సు, బస్సు దిగి జట్కా. గుమ్మంలో నిలబడి ఉన్న అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, "చిక్కిపోయావే అమ్మాయ్! ఆ హైదరాబాదు నీళ్లు పడలేదా ఏంటి?" అంది. మా అత్తయ్య రత్నమ్మగారి సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పలేదూ? మనిషి కరుకు. పెట్టే చెయ్యి మాత్రం పెద్దది. వచ్చిన పూటే నాకు చేపల పులుసు వండి పెట్టింది.

నన్ను పంపించేసినందుకు ఆయన మీద నాకింకా కోపంగానే ఉంది. "క్యాంపస్‌లో గొడవలు ముదురుతున్నాయి, కోస్తావాళ్లని వెళ్లిపొమ్మంటున్నారు, కొన్నాళ్లు మా అమ్మ దగ్గర ఉండు" అని తనే పెట్టె సర్దేశారు. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా పని కాబట్టి ఆయన ఉండాలిట, నేను పోవాలిట. మన వాకిట్లో నన్ను ఎవరేమన్నారక్కా? నువ్వు మెదక్ పల్లె నుంచి వచ్చావు, నేను సముద్రం పక్క నుంచి వచ్చాను. ఇన్నేళ్లూ ఒక గోడకు అటు నువ్వు, ఇటు నేను. నీ ఇంట్లో అద్దెకున్నానన్న మాటే నాకెప్పుడూ గుర్తు రాలేదు.

నిన్ను ఒక్కటి అడగాలి. పోయిన సెప్టెంబరులో రూతును ఆ మట్టిలో పెట్టిన దగ్గర్నుంచీ నేను సమాధుల తోటకు వెళ్లని ఆదివారం లేదు. ఇప్పుడెవరు వెళ్తారు? ఆయన వెళ్లరు. బిడ్డ పేరెత్తితేనే చెప్పులు వేసుకుని బయటికి పోయే మనిషి, ఆ గేటు దాటుతారా? తల దగ్గర పాతిన చెక్క సిలువను క్రిస్మస్ నాటికే చెదలు తినేశాయి. వేసవిలో రాయి కట్టిద్దామనుకున్నాం, ఇంతలో ఇది. ఇప్పుడు అక్కడ గుర్తంటే నేను పెట్టిన చామంతి కుండీ ఒక్కటే. ఎండలు వస్తున్నాయి. వారానికోసారి ఓ చెంబెడు నీళ్లు పోస్తావా? గోడ వారన, పిల్లల వరసలో ఉంటుంది. కుండీ చూస్తే నీకే తెలుస్తుంది.

నీ చెల్లెలు
ప్రమీల


తార్నాక
23 మార్చి 1969

చెల్లె ప్రమీలకు సాలమ్మ దీవెనలు.

అడగాలా? రూతు నీ కడుపున పుట్టిందన్న మాటే గానీ అన్నం తిన్నది నా ఒళ్లో కూర్చునే కదా! నీ ఉత్తరం చేరిన మర్నాడే వెళ్లాను. మెట్టుగూడ దాకా బస్సు ఉంది, అక్కణ్ణించి నడిచాను. కుండీ కనిపించింది. ఆకు కొంచెం వాడింది, నీళ్లు పోశాక తేరుకుంది. కాపలా రాజలింగు వచ్చి, "నువ్వెవరమ్మా? ఆ బిడ్డ తల్లి వేరే ఉండె గదా" అన్నాడు. "పెద్దమ్మను" అన్నాను. అబద్ధం కాదు కదా.

వీధిలో అమ్మలక్కలకు మాత్రం నేను లోకువైపోయాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంటున్నారు. అననీ. కందకు ఎంత దురదో వాళ్లకేం తెలుసు?

క్యాంపస్‌లో చదువులు లేవు. ఆర్ట్స్ కాలేజీ ముందు రోజూ మీటింగే. నేను పనిచేసే బడికి కూడా వారంలో సగం రోజులు తాళమే, నాకు పిల్లల అరుపులు లేక చెవులు చిన్నబోతున్నాయి. సాయంత్రం మా ఆయన సామేలు రైల్వే డ్యూటీ దిగి వచ్చి నీ మొగుడు దానియేలుతో వాదన పెట్టుకుంటాడు.

"మా పిలగాండ్లు కొలువుల కోసం కొట్లాడుతున్నరు. తప్పేంది దానియేలూ?"

"తప్పని నేనన్నానా సామేలన్నా? నన్ను ఎక్కడికి పొమ్మంటారో చెప్పండి అంటున్నా."

"నిన్నెవడు పొమ్మన్నడు? నువ్వు మావోనివి."

"ఆ మాట రోడ్డు మీద అనండి మరి!"

ఇలా అరుచుకుని, అరుచుకుని, చివరికి ఒకే పళ్లెంలో పల్లీలు తింటారు. నీ మొగుడు మొన్న సొంతంగా పప్పు వండాడు. మా పిల్లికి పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. అప్పట్నుంచి ఇక్కడే తినమన్నాను. బిడియపడుతూనే తింటున్నాడు. బెంగ పెట్టుకోకు.

నీ అక్క
సాలమ్మ


కొత్తపాలెం
10 జూన్ 1969

అక్కకు వందనాలు.

టపా సరిగ్గా నడవడం లేదు. ఏప్రిల్‌లో రాసిన నీ ఉత్తరం మొన్న చేరింది. మే నెలలో కాల్పులు జరిగాయని రేడియోలో విని రెండు పూటలు అన్నం సయించలేదు. అందరూ బాగానే ఉన్నారని ఒక్క ముక్క రాయి.

ఇక్కడ నాకూ అత్తయ్యకూ యుద్ధం. ఎందుకో చెబితే నవ్వుతావో ఏడుస్తావో.

మా పేటలో ఒక ఆచారం ఉంది. నవంబరులో సమాధుల పండగకి కొన్న పూలు పెట్టరు. ఇంటి ముందు పెంచిన పువ్వే పెట్టాలి. అది కూడా మనిషికొక కుండీ. అరుగు మీద మామయ్య కుండీ, ఆ పక్కన మా చిన్న మరిది కుండీ, మెట్టు పక్కన అత్తయ్య వాళ్లమ్మ కుండీ. ఈ వీధిలో నడుస్తూ పోతే ఏ ఇంట్లో ఎందరు పోయారో కుండీలే చెబుతాయి. తొలకరి పడగానే అందరూ పాతమట్టి తీసి కొత్తమట్టి పోస్తారు. చెరువుమట్టి, మాగిన పేడ ఎరువు, కాస్త ఇసుక. బంతికి ఎండిన పూలలోని గింజ, చామంతికి పాత మొక్క పిలకలు.

నేను కూడా ఒక ఓటి బాన కడిగి, మట్టి నింపి అరుగు మీద పెట్టాను. అత్తయ్య చూసి, "ఇదెవరికే?" అంది.

"రూతుకి" అన్నాను.

"ఆ పిల్ల ఆడ పడుకుంటే ఈడ కుండీ ఏంటే? ఈ ఊరి మట్టిలో ఉన్నోళ్లకే ఈ గుమ్మంలో పువ్వు. పూసినాక తీసుకెళ్లి పెట్టే చోటుండాలా వద్దా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!"

నాకు ఒళ్లు మండింది. "నేను తీసుకెళ్తాను. పండగనాటికి హైదరాబాదు వెళ్లి నా చేత్తో పెట్టి వస్తాను" అన్నాను. ఆమె లోపలికి పోయింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే నా బాన అరుగు మీద లేదు. పారేసిందేమోననుకున్నాను. పారేయలేదక్కా. మెట్ల కింద, ఎండ బాగా తగిలే చోట పెట్టి, మేకలు మేయకుండా చుట్టూ తుమ్మకంప కట్టింది. ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర కూర్చుంది.

రూతు దగ్గరున్న కుండీ ఎలా ఉంది? గోడ వారన ఎండ ఎక్కువ. వానలు పడితే దిబ్బ కుంగుతుందేమో, చుట్టూ కాస్త మట్టి ఎగదోయమని రాజలింగుతో చెప్పు.

ప్రమీల


తార్నాక
29 జూన్ 1969

చెల్లె ప్రమీలకు.

మేం అందరం బాగున్నాం. కర్ఫ్యూ వల్ల మేలో కొన్ని వారాలు గడప దాటలేదు. ఇప్పుడు కొంచెం నయం. దానియేలుకు ఏమీ కాలేదు. ఆఫీసు తెరిచిన రోజు పోతున్నాడు, లేని రోజు మా బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు.

ఈసారి మామిడి బాగా కాసింది. మా పల్లె నుంచి లచ్చమ్మత్త బుట్టెడు పంపింది. తొక్కు పెట్టాను. నీ వాటా సీసాలో తీసి ఉంచాను. మీ కోస్తా కారం కంటే మాదే ఎక్కువని నీ మొగుడే ఒప్పుకున్నాడు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని మరీ ఒప్పుకున్నాడు. వారాసిగూడలో మా ఆడబిడ్డకు కొడుకు పుట్టాడు. మల్కాజ్‌గిరి పోయే రోడ్డు మీద పెద్ద వేపచెట్టు గాలికి కూలింది.

చామంతి పచ్చగా ఉంది. పిలకలు కూడా వేసింది. దాని గురించి దిగులు పడకు.

మీ అత్తమ్మకు నా వందనాలు చెప్పు.

సాలమ్మ


కొత్తపాలెం
7 సెప్టెంబరు 1969

సాలమ్మక్కా,

రూతు పోయి ఏడాది అయింది. ఆ రోజు ఇక్కడి గుడిలో అయ్యగారు ప్రార్థన చేశారు. ఆయన మాటలు నా చెవిలో పడలేదు. బిడ్డ వేసుకున్న ఆకుపచ్చ గౌను ఇంకా పెట్టెలో ఉంది. దాన్ని తీసి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు.

బానలో చామంతి బాగా గుబురుగా వచ్చింది. ఆగస్టంతా అత్తయ్య నా పక్కన కూర్చుని చివర్లు తుంచడం నేర్పింది. చివర తుంచితే పక్కన రెండు కొమ్మలు లేస్తాయి. తుంచాలంటే నాకు చేతులు రాలేదు. "ఏంటే, బిడ్డ చెవి కుట్టించినట్టు బెదిరిపోతన్నావు! తుంచు" అని కసిరింది. ఇక తుంచడం ఆపేశాం, ఇప్పుడు మొగ్గ కట్టాలిట. పొద్దున్నే నీళ్లు పోస్తూ దానితో మాట్లాడుతున్నాను. వీధిలోవాళ్లు విని ఊరుకుంటున్నారు. వాళ్ల కుండీలతో వాళ్లూ మాట్లాడతారు మరి.

ఈసారి పండగ నవంబరు రెండో తారీఖు, ఆదివారం వచ్చింది. ఆయనకు రాశాను. శనివారం రైలెక్కి వస్తాను. కుండీని మోసుకు రాలేను కాబట్టి పూలు కోసి, అరటి దొన్నెల్లో సర్ది తెస్తాను.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. మార్చిలో రాజలింగు మాటలతో సహా రాశావు. జూన్ నుంచి చామంతి పచ్చగా ఉంది, చామంతి పిలకలు వేసింది అని రాస్తున్నావు. బిడ్డ దిబ్బ ఎలా ఉందో ఒక్క ముక్క లేదు. మట్టి ఎగదోయమన్నాను, దోశారో లేదో రాయలేదు. వానకు బాగా కుంగిపోయిందా? ఏదైనా సరే చెప్పు. తెలియకపోతే ఇంకా భయంగా ఉంది.

ప్రమీల


తార్నాక
20 సెప్టెంబరు 1969

ప్రమీలా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించేశాను. ఇక చించను.

కర్ఫ్యూ రోజుల్లో నేను వెళ్లలేదని రాశాను కదా. జూన్‌లో వెళ్తే పిల్లల వరసలో ఒక్క కుండీ కూడా లేదు. రాజలింగు ఎదురొచ్చి సంతోషంగా నీళ్ల నల్ల దగ్గరికి తీసుకుపోయాడు. "ఎవ్వరు వస్తలేరమ్మా. ఎండకు పూలచెట్లన్ని మాడిపోతున్నయి. పాపం, ఎవరి బిడ్డల చెట్లోనని అన్ని గీడికి మోసుకొచ్చిన. పొద్దుమాపు నీళ్లు పోస్తున్న. ఒక్కటి గూడ సావలేదు" అన్నాడు. నీ కుండీ అక్కడే ఉంది. పచ్చగా ఉంది. నేను నీకు రాసింది అబద్ధం కాదు.

"ఏ కుండీ ఏ బిడ్డదో గుర్తున్నదా?" అని అడిగాను. వాడు కుండీల వంక, ఆ వరస వంక మార్చి మార్చి చూశాడు. మా వైపు సమాధి మీద కుండీ పెడితే అలంకారం కోసమే పెడతారు. అదే గుర్తని వాడికేం తెలుసు? "తప్పయిందా అమ్మా?" అన్నాడు. ఆ మనిషిని ఏమనను?

వాడి సంగతి సరే. నేను చేసింది చూడు. మార్చి నుంచి వారం వారం వెళ్లినదాన్ని. నేను చూసింది కుండీని, చెల్లె. నీళ్లు పోసింది కుండీకి. దాని కింద ఉన్న మట్టిని నేనెప్పుడు చూశాను? నిరుడు జ్వరాలకు పోయిన పిల్లలంతా ఆ వరసలోనే ఉన్నారు. అన్నీ ఒక్కలాంటి దిబ్బలు. ఇప్పుడు వానకు కుంగి, గడ్డి మొలిచి నేలతో కలిసిపోతున్నాయి. గుడి పుస్తకంలో చూపించమన్నాను. పేరు, తేదీ, 'పిల్లల వరస' అని ఉంది, అంతే.

ఎలాగైనా తెలుసుకుని, అప్పుడు చెబుదామనుకున్నాను. తెలియలేదు. నువ్వు పూలు తెస్తానని రాశావు. ఆ పూలు పట్టుకుని నువ్వు గేటు లోపలికి వచ్చాక తెలియడం కంటే ఇప్పుడు చెప్పడమే మేలనిపించింది.

సాలమ్మ


కొత్తపాలెం
28 సెప్టెంబరు 1969

సాలమ్మగారికి,

ఉత్తరం అందింది.

నా బిడ్డను నీకు అప్పగించి వచ్చాను. నువ్వు పూలచెట్టును చూసుకున్నావు.

పండగకి వస్తున్నాను. నేను తల్లిని. నాకు తెలుస్తుంది.

ప్రమీల


తార్నాక
19 అక్టోబరు 1969

ప్రమీలకు,

గారు అని రాశావు. రాయి. నాకు తగిందే.

నీ మొగుడికి నేనే చెప్పాను. గోడకు ఆనుకుని, "నాకూ తెలీదక్కా. ఆ రోజు నేను కళ్లు తెరవలేదు" అన్నాడు. తర్వాత మా సామేలు అతని భుజం మీద చెయ్యి వేసి క్యాంపస్ రోడ్డు వెంట నడిపించుకుపోయాడు. పొద్దుపోయాక వచ్చారు. ఆ రోజు ఇద్దరి మధ్యా వాదన లేదు.

నెల నుంచి ప్రతి ఆదివారం గుడి కాగానే పోయి, సాయంత్రం దాకా ఆ గోడ దగ్గరే కూర్చుంటున్నాను. వచ్చినవాళ్లను వచ్చినట్టు అడుగుతున్నాను. తమవి ఏవో చెప్పినవాళ్ల దిబ్బల మీద సున్నంతో గీత గీస్తున్నాను. ఎవరూ రానివి గోడ చివరన కొన్ని మిగిలాయి. రూతు వాటిలోనే ఉండాలి. ఇంతకంటే నా చేత కాలేదు.

నువ్వు వచ్చినప్పుడు నాతో మాట్లాడకపోయినా సరే. అన్నం మాత్రం మా ఇంట్లో తిను.

సాలమ్మ


కొత్తపాలెం
9 నవంబరు 1969

సాలమ్మక్కా,

మీ వాకిట్లోకి వచ్చి నీతో మాట్లాడలేదు. నువ్వు అన్నం వడ్డించి పిలిస్తే తలుపు వేసుకున్నాను. "నేనూ వస్తా" అని నువ్వు చెప్పులేసుకుంటే వద్దన్నాను. ఆ సాయంత్రమే చెప్పకుండా రైలెక్కాను. అక్కడేం జరిగిందో నీకు తెలియాలి, అందుకని రాస్తున్నాను.

ఆయన గేటు దగ్గర చాలాసేపు ఆగారు. నేను చెయ్యి పట్టుకుంటే లోపలికి వచ్చారు. తోటంతా జనం. కొవ్వొత్తులు, కొత్త సున్నం, పాటలు. నల్ల దగ్గర మన కుండీ నిండా మొగ్గలతో ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లంతా మంట పుట్టింది. అది బతికి ఎవరికేం ఒరిగింది? రాజలింగు మమ్మల్ని చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నువ్వు గీతలు గీసిన దిబ్బలు దాటి చివరికి వెళ్లాం. ఆయన ఒకటి చూపించి "ఇదేనేమో" అన్నారు. నేను కాదన్నాను. నాకు తెలుస్తుందని రెండు వందల మైళ్లు అదే మాట అనుకుంటూ వచ్చానక్కా. పాలిచ్చాను, తొమ్మిది నెలలు మోశాను, నా కాళ్లకే తెలుస్తుందనుకున్నాను. నిలబడితే ఏమీ తెలియలేదు. గడ్డి, మట్టి, అంతే. భయం వేసింది. ఆ భయానికే కాబోలు, ఒక దిబ్బ మీద నాకు మనసు ఆగినట్టయింది. "ఇదే" అన్నాను. ఆయన నా మాట నమ్మారు.

దొన్నెలు విప్పి చామంతులన్నీ దాని మీద పరిచాను. ఒక్కటి కూడా మిగల్చలేదు. మీద పడి ఏడ్చాను. ఏడాది నుంచి కళ్లల్లో చుక్క రాని మనిషి, ఆయన కూడా నా పక్కన కూలబడి "రూతమ్మా" అని పేరు పెట్టి పిలిచి ఏడ్చారు. నా మనసు తేలిక పడింది. నిజంగా తేలిక పడిందక్కా. నీ మీద కోపం కూడా పోయినట్టే అనిపించింది.

అప్పుడు వెనక నుంచి ఒకావిడ వచ్చింది. మల్కాజ్‌గిరి నుంచి వచ్చిందట, పేరు లింగమ్మ. కొంగులో బంతిపూలు. మెల్లగా, "అమ్మా, గది మా పిలగాండిది గదా" అంది.

"కాదు, మా పాపది" అన్నాను.

ఆవిడ వాదించలేదు. వంగి, తల దగ్గర గడ్డి పాయలు తీసి, లోపల మునిగిపోయిన తిరగలి రాయి ముక్క చూపించింది. "నేనే పెట్టిన. గీ పండుగకొక్కదానికే వస్త, కూలి ఇడిసి మల్ల మల్ల రానీకి అయితలేదు" అంది.

నేను లేవబోయాను. లేవలేకపోయాను. నా పూలన్నీ వాడి మీద ఉన్నాయి. ఏరుకోవాలని చెయ్యి చాపాను, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. పెట్టిన పువ్వు తీస్తారా ఎవరైనా? లింగమ్మకు అంతా అర్థమైంది. నా పక్కనే కూర్చుంది. "లేవకు తల్లీ, కూసో. వానికి నేనొక్కదాన్ని తప్ప ఎవ్వరు రారు. నువ్వు ఏడిస్తె వానిదేం పోయింది?" అంది. తర్వాత కొంగు విప్పి ఆ బంతిపూలన్నీ నా ఒళ్లో పోసింది. "నీ పూలు మావోనికి పెట్టినవు. మావోని పూలు నీ బిడ్డకు పెట్టు" అంది.

అవి పట్టుకుని లేచాను. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను, మళ్లీ నడిచాను. ఇంకోసారి ఇదే అనడానికి నోరు రాలేదు. ఏ తల్లి వచ్చి కాదంటుందో! ఎవరూ వచ్చి కాదనకపోతే మాత్రం అది రూతుదని ఏం నమ్మకం? ఆయన "ఎక్కడో ఒకచోట పెట్టు ప్రమీలా" అన్నారు. ఎక్కడో ఒకచోట పెట్టడానికి నా బిడ్డ ఎక్కడో ఒకచోటి బిడ్డా?

నీ తప్పు లేదని రాయలేను. నీది మాత్రమే కాదని తెలుసు. కుండీ పెట్టి వచ్చింది నేను, మట్టిని గుర్తు పెట్టుకోనిదీ నేను. నీ ఉత్తరం వస్తే చదువుతాను, జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

చీకటి పడుతుంటే ఆయన రైలుకు టైమవుతోందన్నారు. ఆ బంతిపూలు ఎక్కడా పెట్టలేకపోయానక్కా. చేతిలో పట్టుకునే రైలెక్కాను.

ప్రమీల